మిట్ట మీద హాజరైనవారు

ఫిబ్రవరి నెల, రెండో ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు.
స్థలం: శబరి ఒడ్డున, రేవుకు పైనున్న మిట్ట.
విషయం: మిట్ట మీద ఆటస్థలం, నడకబాట.
హాజరు: నేను. రిటైర్డ్ హెడ్మాస్టరు. రేవు పక్క దోర్ల గూడెం పెద్ద. ఆయన కోడలు, వార్డు పంచ్ (పంచాయతీలో వార్డు మెంబరు). కిరాణా కొట్టు సేటు. గూడెం నుంచి మగవాళ్ళు ఎనిమిది మంది, ఆడవాళ్ళు ఆరుగురు. మొత్తం పంతొమ్మిది మంది.

డైరీలో వీళ్ళందరికీ పేర్లున్నాయి. ప్రతి పేరు పక్కన సంతకమో వేలిముద్రో ఉంది. ఇక్కడ పేర్లు రాయడం లేదు. ఆ పేర్లు ఒకసారి నా చేతిలోంచి బయటికి వెళ్ళి జరిగింది చాలు.

మా ఊరు కొంటాకు ఎగువన, శబరి ఒడ్డునే, ఆఫీసులన్నీ హిందీలో నడిచే రాష్ట్రంలో ఉంటుంది. తాతల కాలంలో మావాళ్ళు భద్రాచలం వైపు నుంచి పడవల్లో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నేను అటవీ శాఖలో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే దిగిపోయాను. ఏటా ఎండాకాలం నన్ను తునికాకు కల్లాల మీదికి పంపేవారు. కల్లం అంటే అడవిలో కోసిన ఆకును కట్టలుగా కట్టి తెచ్చి అప్పగించే చోటు. అక్కడ రిజిస్టరు నాది. ఎవరు వచ్చారో పేరు రాయాలి, పక్కన వేలిముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే ఆ మనిషి రానట్టే లెక్క. ముప్ఫై నాలుగు ఎండాకాలాలు ఆ పని చేశాను. అందుకే ఈ చుట్టుపక్కల నాకు మున్షీ అనే పేరు మిగిలింది. నా సొంత పేరు పింఛను పుస్తకంలోనే ఉంటుంది.

ఆ అలవాటు నా సొంత డైరీల్లోకి కూడా వచ్చింది. నలుగురు కూర్చుని ఏదైనా మాట్లాడుకుంటే, మొదటి పేజీలో తేదీ, స్థలం, విషయం, హాజరైనవారి పేర్లు, పక్కన ముద్రలు. ఆ పేజీ అక్కడితో ముగుస్తుంది. ఎవరేమన్నారో పేజీ తిప్పి అవతలివైపు మొదలుపెట్టి రాస్తాను. గూడెం వాళ్ళకు నా ఇంకు ప్యాడు ఒక వేడుక. వేలు నల్లగా చేసుకుని ఒకరి తల మీద ఒకరు రాసుకునేవారు. నా పుస్తకంలో వేలు పెట్టడమంటే వాళ్ళకు ఒకటే అర్థం: నేను వచ్చాను, ఇక్కడ ఉన్నాను. అంతకుమించి ఒక్క మాట కూడా కాదు. నాకూ అంతే.

మిట్ట సంగతి చెప్పాలి. మా ఊళ్ళో పిల్లలు ఆడుకోవడానికి స్థలం లేదు. సంత జరగని రోజుల్లో సంత మైదానంలో ఆడుకుంటారు. మిగతా రోజుల్లో రోడ్డు వార. లారీలు పోయే రోడ్డు. ఆడపిల్లలు వాలీబాల్ వల ఒక కొస కరెంటు స్తంభానికి, ఇంకో కొస ఆగి ఉన్న ట్రాక్టరుకు కట్టి ఆడేవారు. ట్రాక్టరు యజమాని వచ్చి బండి తీస్తే ఆట అయిపోయినట్టే. నాకు బీపీ వచ్చాక డాక్టరు నడవమన్నాడు. హెడ్మాస్టరూ నేనూ పొద్దున్నే ఆ రోడ్డు మీదే నడిచేవాళ్ళం. లారీ హారను కొట్టినప్పుడల్లా ఇద్దరం పక్కన కాలువలోకి దిగేవాళ్ళం. అట్లా ఒకరోజు కాలువలో నిలబడి ఉండగా ఆయన అన్నాడు, “బావా, మిట్ట మీద ఒక పార్కు ఎందుకు ఉండకూడదు?” మాకు చుట్టరికం లేదు. ఇరవై ఏళ్ళుగా బావా అంటే బావా అనుకుంటున్నాం.

ఊళ్ళల్లో ఆరుబయట ఆటస్థలాలు, నడకబాటలు కట్టుకోవడానికి ప్రభుత్వం గ్రాంటు ఇచ్చే పథకం ఒకటి ఉందని ఆయనే కనుక్కున్నాడు. దరఖాస్తులు చాలా వస్తాయి, మార్కులు వేసి కొన్నింటికే ఇస్తారు. మొదటి ఏడు నేను రాసిన దరఖాస్తు భూమి నకలు కాగితం లేదని తిరిగొచ్చింది. రెండో ఏడు అన్ని కాగితాలూ ఉన్నాయి. కానీ ‘స్థలం ప్రస్తుత వినియోగం’ అన్న గడిలో నేను ఉన్నది ఉన్నట్టు రాశాను: పశువుల మేత, రేవుకు దారి, గూడెం వారి పండుగ. ఖాళీ స్థలం కాదు కాబట్టి మార్కులు తగ్గాయి.  ఆ రోజు నడకలో హెడ్మాస్టరు, “నీకు దరఖాస్తు రాయడం రాదు బావా, డైరీ రాయడమే వచ్చు” అన్నాడు. నేను నవ్వాను. “మూడో ఏడు దరఖాస్తు నేను రాస్తాను, నువ్వు జనాన్ని కూర్చోబెట్టు,” అన్నాడు. సరే అన్నాను.

ఆ కూర్చోబెట్టిందే పైన రాసిన ఆదివారం.

హెడ్మాస్టరు చార్టు మీద రంగు పెన్నులతో ప్లాను గీసి తెచ్చాడు. వాలీబాల్ కోర్టు, ఉయ్యాలలు, సిమెంటు బల్లలు, చుట్టూ నడకబాట. చార్టును ఎండుగడ్డి మీద పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. గూడెం ఆడవాళ్ళు వంగి చూశారు.

“ఈ గుండ్రంది ఏంది?” అన్నాడు పెద్ద.

“నడిచే బాట మామా. పొద్దున్నే నడవడానికి.”

“ఏడికి పోతది?”

“ఎక్కడికీ పోదు. చుట్టూ తిరిగి మళ్ళీ ఇక్కడికే వస్తుంది.”

పెద్ద దాన్ని కాసేపు చూశాడు. “మేం పుట్టిన కాడ్నించి నడుస్తనే ఉన్నం. ఎక్కడికో ఒక కాడికి పోతనే ఉన్నం. ఇది మీకు పనికొస్తది,” అన్నాడు. అందరూ నవ్వారు. సేటు, “పొద్దున్నే నడిస్తే షుగరు తగ్గుతుందంటారు పెద్దాయనా. మా కొట్లో చక్కెర అమ్మకం కూడా తగ్గుతుంది, అయినా ఊరి కోసం ఒప్పుకుంటున్నా,” అన్నాడు.

కోడలికి మాత్రం కోర్టు మీదే కన్ను. ఆమె కూతురు స్కూలు జట్టులో ఆడుతుంది. “వల కట్టడానికి గుంజలు వీళ్ళే పాతుతరా, మనం ట్రాక్టరు అడుక్కోవాల్నా?” అని రెండుసార్లు అడిగింది. వీళ్ళే పాతుతారంటే తృప్తిగా తల ఊపింది.

అప్పుడు హెడ్మాస్టరు అసలు మాట అడిగాడు. మిట్ట అంతా ఇవ్వడానికి గూడెం ఒప్పుకుంటుందా?

మిట్ట ప్రభుత్వ భూమే. కానీ ఈ ఆదివాసీ ప్రాంతంలో గ్రామసభ ఒప్పుకోకుండా ఏ పనీ చెయ్యకూడదు. పైగా మిట్ట కింది అంచున, నీటివైపు, గూడెం వాళ్ళు విత్తనాల పండుగ చేసుకుంటారు. విత్తనాలకు పూజ అయ్యాక అక్కడే విల్లంబుల ఆట, ఆడవాళ్ళ ఆట పాట. రేవుకు దిగే దారి కూడా అదే.

“నేనొక్కణ్ని చెప్పేది కాదు,” అన్నాడు పెద్ద. “పండుగ రావాలె. పండుగనాడు భూమికి చెప్పుకుంటం. తెల్లారి ఊరంతా కూసుంటం. అప్పుడు చెప్తం.”

“పండుగ ఎప్పుడు మామా?”

“వచ్చినప్పుడు.”

ఇప్పపూలు రాలడం అయిపోయాక అని కోడలు విడమర్చింది. హెడ్మాస్టరు నావైపు చూశాడు. దరఖాస్తుకు ఆఖరి తేదీ మార్చి నెలలో. పండుగ ఏప్రిల్ సగం దాటాక. “ఆగుతామా?” అన్నాడు నాతో హిందీలో, గూడెం వాళ్ళకు హిందీ రాదన్నట్టు. “ఆగుదాం, వచ్చే ఏడు పెడదాం,” అన్నాను తెలుగులోనే. ఆయన చార్టు చుట్టేశాడు. నేను ప్యాడు తీసి ముద్రలు వేయించాను. ఇంటికొచ్చి పేజీ తిప్పి రాశాను: ‘పెద్ద చెప్పినది: పండుగ తర్వాత చెప్తాం. మేము ఆగుతామన్నాం.’

మార్చి మొదట్లో ఒక ఉదయం నడక అయ్యాక హెడ్మాస్టరు మా ఇంటికొచ్చి టీ తాగాడు. లేవబోతూ, “బావా, ఆ ఆదివారం డైరీ ఒకసారి ఇయ్యి,” అన్నాడు. “ఈ ఏడు దరఖాస్తు పెట్టకపోయినా, జనంతో మాట్లాడుతున్నామని ఒక కాగితం ఆఫీసులో పడేస్తే వచ్చే ఏడు మార్కులు పడతాయి. జెరాక్స్ తీసి గంటలో తెచ్చిస్తా.”

నా డైరీలు ట్రంకు పెట్టెలో వేపాకుల మధ్య ఉంటాయి. ఇంట్లో పిల్లలకు కూడా ఇవ్వను. ఆ రోజు తీసి, వార్తాపత్రికలో చుట్టి ఇచ్చాను. మా ఆవిడ వంటింట్లోంచి చూసి, ఆయన వెళ్ళాక, “నేను పాలవాడి లెక్క చూడటానికి అడిగితే ఇవ్వలేదు,” అంది. “ఆయన ఎవరో కాదు కదా,” అన్నాను. “నేను ఎవరో మరి,” అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. గంట కాదు, రెండు గంటలకు తెచ్చాడు. అదే వార్తాపత్రికలో, అదే మడతతో. నేను తెరిచి కూడా చూడలేదు.

ఇప్పపూలు రాలడం అయిపోయింది. పండుగ వచ్చింది. పండుగైన మూడో రోజున పెద్ద మా ఇంటికి వచ్చాడు. ఆయన మా అరుగు మీద కూర్చోడు, మెట్టు మీద కూర్చుంటాడు. పచ్చి మామిడికాయలు తువ్వాలులో కట్టి తెచ్చి మా ఆవిడ చేతిలో పోశాడు. విత్తనాల పండుగ కాకుండా వాళ్ళు కొన్ని పనులు మొదలుపెట్టరు, కొన్ని మాటలు చెప్పరు. ఆ రోజు ఆయన ముఖంలో ఒక బరువు దింపుకున్న మనిషి తేట ఉంది.

“కూసున్నం మున్షీ. రెండు పూటలు కూసున్నం. కొందరు వద్దన్నరు. మా కోడలు బాగా కొట్లాడింది. మీద భాగం తీసుకోండి. పిల్లలు ఆడుకోనీ. నీళ్ళ దిక్కున నలభై అడుగులు ఇడువుండి. నేను నడిచి చూసిన. మా ఆట, మా రేవుదారి దాంట్లకొస్తయి. అంతే.”

 మూడేళ్ళుగా ఎదురుచూసిన మాట. పైగా అది నేను అనుకున్నదానికంటే ఎక్కువే. ప్లానులో కోర్టు, ఉయ్యాలలు, బల్లలు అన్నీ పై భాగంలోకే వస్తాయి. నడకబాట కొంచెం కుదించుకుంటే చాలు.

“రాసుకో,” అన్నాడు. రాశాను. అడక్కుండానే బొటనవేలు చాపాడు.

ఆ మధ్యాహ్నమే హెడ్మాస్టరు ఇంటికి వెళ్ళి చెప్పాను. “మంచిదే,” అన్నాడు. “చాలా మంచిదే బావా.” ఎందుకో ఆ రోజు టీ ఇవ్వలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత, మంగళవారం, పెద్ద కోడలు మా గేటు దగ్గర నిలబడి పిలిచింది. లోపలికి రాలేదు. “తాతా, చెప్పులేసుకుని రా. మిట్ట కాడ ట్రాక్టరు ఉంది.”

వెళ్ళేసరికి సిమెంటు స్తంభాలు దింపుతున్నారు. కంచె స్తంభాలు. సగం ఇప్పటికే నీటి అంచు పొడుగునా పరిచి ఉన్నాయి. రేవుదారికి అడ్డంగా సున్నంతో గీత పోసి ఉంది. పనిచేయించే సూపర్‌వైజరు బయటి ఊరివాడు, మర్యాదస్తుడే. గ్రాంటు మంజూరైందనీ, మిట్ట మొత్తం చుట్టూ కంచె వేయమని ప్లానులో ఉందనీ హిందీలో చెప్పాడు. గ్రామసభ ఏకగ్రీవంగా ఒప్పుకుందన్నాడు. ఎవరూ నమ్మకపోయేసరికి ఫోనులో ఒక ఫోటో తీసి, పెద్దచేసి చూపించాడు. “చూడండి, మీ అందరి వేలిముద్రలు.”

పెద్దకు చదువు రాదు. కానీ ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆయన కుడి బొటనవేలి మీద చిన్నప్పుడు కొడవలి తెగిన గాటు అడ్డంగా ఉంటుంది. ముద్ర వేస్తే మధ్యలో తెల్ల గీత పడుతుంది. ఆ తెల్ల గీత ఫోనులో ఉంది. పక్కన నా గీతల కాగితం, నా చేతిరాత.

ఫోను తిరిగిచ్చేశాడు. “నా వేలు ఏడ పెట్టినవ్ మున్షీ?” అన్నాడు. గొంతు పెంచలేదు.

“నేను పెట్టలేదు,” అన్నాను. ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

మర్నాడు బస్సెక్కి గ్రాంటు ఆఫీసుకు వెళ్ళాను. ఫైలు చూపించమని అడిగితే గుమాస్తా, కుర్రాడు, నా వయసు చూసి కుర్చీ వేసి తెచ్చిచ్చాడు. పైన హిందీలో టైపు చేసిన గ్రామసభ తీర్మానం. మిట్ట ఖాళీగా ఉందనీ, ఏ వినియోగమూ లేదనీ, ఆటస్థలానికి మొత్తం ఇవ్వడానికి సభ ఒప్పుకుందనీ. కింద పంచాయతీ ముద్ర. దాని వెనక, ‘సభకు హాజరై సమ్మతి తెలిపినవారు’ అన్న హిందీ తలకట్టుకింద, నా డైరీ పేజీ. నా తేదీ, నా స్థలం, నా విషయం, నా పంతొమ్మిది మంది. అన్నిటికంటే పైన నా సంతకం.

“ఈ పేజీలో ఏం రాసుందో తెలుసా బాబూ?” అన్నాను హిందీలో.

“తెలుగు కదా అంకుల్. మాకు రాదు. అనువాదం జతచేశారుగా,” అని ఇంకో కాగితం తిప్పి చూపించాడు. అనువాదం చక్కగా ఉంది. పేర్లలో ఒక్క తప్పు లేదు. చేతిరాత హెడ్మాస్టరుది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు కాపీరైటింగు దిద్దిన గుండ్రని చేతిరాత.

“దీని అవతలి పేజీ?”

“ఇంతే వచ్చింది అంకుల్.”

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్కవాళ్ళు సంత కోళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు. నేను ఒకే సంగతి తిప్పి తిప్పి ఆలోచించాను. పేర్లు ఒకవైపు, మాటలు ఇంకోవైపు రాసే అలవాటు నాకు ఎందుకు వచ్చింది? కల్లం రిజిస్టరులో మాటలకు చోటుండేది కాదు. అందుకే. ఇన్నేళ్ళూ అది చక్కని పద్ధతి అనుకున్నాను. మనుషుల్నీ వాళ్ళ మాటల్నీ చించడానికి వీలుగా వేరుచేసి పెట్టానని ఎప్పుడూ అనుకోలేదు.

బస్సు దిగి తిన్నగా హెడ్మాస్టరు ఇంటికే వెళ్ళాను. ఆయన వరండాలో చింతపండు గింజలు తీస్తున్నాడు. నన్ను చూసి, ఆఫీసు నుంచి వస్తున్నానని తెలుసుకున్నాడు. పళ్ళెం పక్కకు జరిపి కుర్చీ చూపించాడు.

“కూర్చో బావా. తిట్టాలంటే కూర్చుని తిట్టు, నీకు బీపీ.”

“దరఖాస్తు పెట్టడం లేదన్నావు.”

“అన్నాను. చెప్పి ఉంటే డైరీ ఇచ్చేవాడివా?”

“ఇచ్చేవాణ్ని కాదు.”

“అందుకే చెప్పలేదు.”

“అవతలి పేజీ చదివావా?”

“చదివాను. అందుకే దాన్ని జెరాక్స్ తీయలేదు.” ఆయన కళ్ళు దించుకోలేదు. “మూడేళ్ళు తిరిగాం. ఆ పథకం వచ్చే ఏడు ఉంటుందో లేదో ఎవడికి తెలుసు? నీకు డెబ్బై నాలుగు, నాకు డెబ్బై ఒకటి. నలుగురు ముసలాళ్ళు ఇప్పపూలు రాలాక చెప్తామంటే, ఆడపిల్లలు ఇంకో ఏడు లారీల మధ్య ఆడాలా? తప్పు చేశాను. తప్పు చెయ్యకపోతే స్తంభాలు వచ్చేవి కావు.”

“వాళ్ళు ఇచ్చారు కదయ్యా. నలభై అడుగులే కదా అడిగింది.”

“అది ఏప్రిల్‌లో తెలిసింది. నేను కాగితం పెట్టింది మార్చిలో.”

“నేను వచ్చి చెప్పినప్పుడైనా…”

“అప్పుడు చెప్తే ఏం చేసేవాడివి? ఇప్పుడు చెయ్యబోయేదే చేసేవాడివి.” ఒక గింజ తీసి పళ్ళెంలో వేశాడు. “నీ పేరు మీద వచ్చింది బావా ఇది. నీ పేజీకే మార్కులు పడ్డాయి. జనంతో ఇంత పద్ధతిగా మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరని పైవాళ్ళే అన్నారు.”

లోపలి నుంచి వాళ్ళావిడ టీ తెచ్చింది. తాగకుండా వచ్చేశాను. ఆమె నాకు ఏ అన్యాయమూ చెయ్యలేదు. అది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఆ మర్నాడు, గురువారం, పొద్దున్నుంచీ కూర్చుని హిందీలో అర్జీ రాశాను. ఫైలులో ఉన్న పేజీ గ్రామసభ హాజరు కాదనీ, ఆ రోజు ఎవరూ ఒప్పుకోలేదనీ, అవతలి పేజీ నకలు జతపరుస్తున్నాననీ, గూడెం తర్వాత ఇచ్చిన మాట ప్రకారం నీటివైపు నలభై అడుగులు వదలాలనీ. తీసుకెళ్ళి ఇస్తే పని అవుతుందా అని ఆఫీసు గుమాస్తాకు ఫోను చేసి అడిగాను. “మీ ఒక్కరి సంతకంతో ఇస్తే వ్యక్తిగత ఫిర్యాదు అంకుల్, వరసలో పడుతుంది. గూడెం వాళ్ళ ముద్రలుంటే పని ఆపే అవకాశం ఉంది,” అన్నాడు. మంచి మాటే చెప్పాడు.

సాయంత్రం గూడెం వెళ్ళాను. పెద్ద ఇంటి ముందు పదిహేను మంది దాకా ఉన్నారు. అర్జీ మొత్తం తెలుగులో చదివాను. మళ్ళీ నాకు వచ్చినంత దోర్లీలో, వాళ్ళ ఇంటి భాషలో, చెప్పాను. విన్నారు. తప్పు ఎవరిదో కూడా అర్థం చేసుకున్నారు. తర్వాత నేను సంచిలోంచి ప్యాడు తీశాను.

ఎవరూ కదల్లేదు.

“ఇప్పుడు దీని మీద వెయ్యమంటవా తాతా?” అంది పెద్ద కోడలు.

“వేస్తేనే పని ఆగుతుంది అమ్మా.”

“మొన్న వేసింది దేనికి? వచ్చినమని. అది పొయ్యి మిట్ట ఇచ్చినమయ్యింది. ఇయ్యాల వద్దని వేస్తం. రేపు అది యాడికి పోతదో, ఏం అయితదో. నువ్వు చెప్పగలవా?”

ఎవరో వెనక నుంచి, “ఈసారి వేస్తే మా ఇండ్లు గూడ పోతయి,” అన్నారు. చిన్నగా నవ్వు లేచింది. నన్ను అవమానించాలని కాదు. నిజంగానే నవ్వొచ్చే మాట అది.

నేను చెప్పగలనా? చెప్పలేను. ఎన్ని ఎండాకాలాలు వీళ్ళ వేళ్ళు పట్టుకుని ప్యాడు మీద ఒత్తానో. ఒక్కసారి కూడా ఎవరూ ఎందుకని అడగలేదు. ఆ అడగకపోవడాన్ని నా ఆస్తి అనుకుని బతికాను. దాన్ని వార్తాపత్రికలో చుట్టి ఇచ్చింది నేనే. హెడ్మాస్టరు నన్ను మోసం చేశాడు, నిజం. కానీ వీళ్ళకు హెడ్మాస్టరు ఎవరు? వీళ్ళు ముద్ర వేసింది నాకు.

“కాయితం నువ్వు ఇచ్చుకో మున్షీ,” అన్నాడు పెద్ద. “నీది నువ్వు రాసినవ్, నీ సంతకం నువ్వు పెట్టు. మాది మేం చూసుకుంటం.”

“ఏం చేస్తారు?”

“వస్తం. మేం వస్తే కనపడతం గద.”

నా ఒక్క సంతకంతో అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాను. మరునాడు పొద్దున మొదటి బస్సుకు వెళ్ళి ఇద్దామనుకున్నాను.

మరునాడు, శుక్రవారం. బస్సు కోసం రోడ్డెక్కితే మిట్ట మీద జనం కనిపించారు. బస్సు వదిలేసి అటు నడిచాను. గూడెం మొత్తం వచ్చింది. ముసలివాళ్ళు, చంకలో పిల్లలున్నవాళ్ళు, బడి బట్టల్లో వాలీబాల్ ఆడపిల్లలు. పెద్ద నీటి అంచు నుంచి మిట్ట మీదికి అడుగు అడుగుగా నడుస్తున్నాడు, కోడలు పైకి లెక్కపెడుతోంది. నలభై అనగానే ఆగి ఒక కొమ్మ పాతాడు. ఇంకొంచెం పక్కకు జరిగి మళ్ళీ నీటి నుంచి మొదలుపెట్టాడు. కొమ్మల వరస పెరిగేకొద్దీ ఒక్కొక్కరే వచ్చి ఆ వరస మీద నిలబడ్డారు. నినాదాలు లేవు. పిల్లలు ఏడిస్తే పాలిస్తున్నారు.

సూపర్‌వైజరు ట్రాక్టరు దిగి రెండుసార్లు ఫోనులో మాట్లాడాడు. రెండోసారి తల ఊపుతూ విన్నాడు. తర్వాత కూలీలను పిలిచి, నీటి అంచున పరిచిన స్తంభాలు ఎత్తించి, కొమ్మల వరస దగ్గరికి మోయించడం మొదలుపెట్టాడు. గొడవ లేకుండా, జనం ఎక్కడ పాతమంటే అక్కడ పాతమని పైవాళ్ళు ఫోనులో అన్నారట. కాగితం ఎవరూ అడగలేదు; నా అర్జీ జేబులోనే ఉండిపోయింది.

అప్పుడు హెడ్మాస్టరు వచ్చాడు. తెల్ల చొక్కా, కాళ్ళకు నడక బూట్లు. జనాన్ని ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చూశాడు. తర్వాత ఫోను తీసి, వెనక్కి నాలుగడుగులు వేసి, వరస మొత్తం వచ్చేట్టు ఫోటోలు తీశాడు. నా దగ్గరికొచ్చి మామూలు గొంతుతో అన్నాడు, “చూశావా బావా, నలభై అడుగులు పోయినా పార్కు వచ్చింది. పని మొదలుపెట్టినప్పుడు జనం పాల్గొన్న ఫోటో ఒకటి రిపోర్టులో పెట్టాలి. ఇంతకంటే మంచిది దొరకదు.”

 పెద్ద కోడలు వరసలోంచే పిలిచింది. “ఏంది సారూ, తీస్తివా? తీసుకో, నిలబడ్డం గద. ఫోటో కింద ఏం రాస్తవో అది గూడ ఇక్కడనే చదివి పో.”

హెడ్మాస్టరు నవ్వి, ఫోను జేబులో పెట్టుకుని, సూపర్‌వైజరు వైపు వెళ్ళాడు.

పెద్ద ఇంకా అడుగులు వేస్తూనే ఉన్నాడు. తల దించుకుని, పెదవులు కదుపుతూ, నేను నిలబడ్డ చోటికి వచ్చి ఆగాడు. చేతిలో కొమ్మ ఉంది.

“జరుగు మున్షీ,” అన్నాడు. “కొమ్మ పెట్టాలె.”

జరిగాను. ఎటువైపు జరగాలో ఆయన చెప్పలేదు. స్తంభాలు మోస్తున్న కూలీలకు అడ్డం కాకుండా పైవైపుకు, రోడ్డు వైపుకు జరిగాను. ఆయన కొమ్మ పాతి, మట్టి కాలితో తొక్కి, మళ్ళీ నీళ్ళవైపు దిగాడు.